తోడికోడలికి పడిన మాత్రలు మీకూ పడతాయా?

పెళ్లై ఏడాదైందని, పిల్లలకు ఇంకో రెండేళ్లు ఆగాలనుకుంటున్నామని, తోడికోడలు వాడే గర్భనిరోధక మాత్రలనే మందుల షాపులో కొని మొదలుపెట్టవచ్చా అని అడిగారు. మాత్రలు వాడవచ్చు గానీ, ముందు డాక్టరుకు చూపించుకోండి.

నేను మూడేళ్లు మాలా-ఎన్ అనే గర్భనిరోధక మాత్రలు వాడాను. మొదలుపెట్టే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తుంటే, అప్పటికే ఆరు నెలలుగా అలాంటి మాత్రలే షాపులో కొని వేసుకుంటున్న మా అక్క తోడు వచ్చింది. డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, ఎప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, కాలేయ జబ్బు ఉందా అని అడిగి, చివరకు "తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు వంకరటింకర మెరుపు గీతలు కనిపిస్తాయా అమ్మా?" అన్నారు. నేను లేదన్నాను. పక్కనున్న అక్క మాత్రం "నాకు కనిపిస్తాయండీ" అంది! అలాంటి మైగ్రేన్ ఉన్నవారు ఇలా ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్ర వేసుకుంటే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని చెప్పి, ఆ రోజే మాన్పించి, తర్వాత కాపర్-టీ వేశారు. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్నవారికి, 35 ఏళ్లు దాటి పొగతాగేవారికి, ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చే తల్లులకు కూడా సాధారణంగా ఇవి ఇవ్వరు. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారిలో ఈ మాత్ర ప్రభావం తగ్గుతుంది కనుక, ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

షీటులో 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్ మాత్రలు, ముదురు రంగులో ఉండే 7 ఐరన్ మాత్రలు. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఒకటి మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకొని, ఆ రోజుది మామూలు వేళకు వేసుకుంటే చాలు. మరిది పెళ్లి హడావుడిలో నేను వరుసగా రెండు మరచిపోయాను. అప్పుడు వెంటనే ఒకటి వేసుకొని, రోజుకొకటి కొనసాగిస్తూ, ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. నాది మూడో వారం కావడంతో, ఐరన్ మాత్రలు వదిలేసి నేరుగా కొత్త షీటు మొదలుపెట్టమన్నారు. ఆ నెల బహిష్టు రాకపోయేసరికి కంగారుపడ్డాను గానీ, అలా చేసినప్పుడు రాకపోవడం మామూలేనట. మొదటి వారంలోనే ఇలా తప్పి, అప్పటికే భర్తతో కలిసి ఉంటే, ఆలస్యం చేయకుండా, గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర గురించి డాక్టరును అడగండి.

మొదటి రెండు మూడు నెలలు వికారం, మధ్యలో కాస్త రక్తపు చుక్కలు నాకూ ఉన్నాయి, అవే తగ్గాయి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం వంటివి వచ్చినా, మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.