డాక్టర్ ట్రమడాల్ రాసినా మందుల షాపుల్లో ఎందుకు లేదంటున్నారు? బ్యాన్ అయిందా?

బ్యాన్ కాలేదండీ. ట్రమడాల్ నల్లమందు జాతి నొప్పి మాత్ర, అందుకే దానిమీద కట్టడి. మీ నాన్నగారి నడుం నొప్పికి చీటీ పట్టుకుని మూడు షాపులు తిరిగానన్నారు కదా, నాదీ అలాంటి షాపే. నేనూ ఇప్పుడు తెప్పించడం లేదు.

2018 ఏప్రిల్‌లో రూల్ బిగించకముందు కూడా ఇది షెడ్యూల్ హెచ్1 మందే, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి ఇవ్వాలి. రాసేవాళ్ళమా అంటే, అబద్ధమెందుకు, సగం రోజులు రాసేవాణ్ణి కాదు. ఒక కుర్రాడు సాయంత్రం ఏడింటికి బండి ఆఫ్ చెయ్యకుండానే సరిపడా చిల్లర కౌంటర్ మీద పెట్టేవాడు. వారానికో స్ట్రిప్‌తో మొదలై రోజుకొకటి దాకా వచ్చాడు. ఒకసారి నాలుగు రోజులు స్టాకు లేదు. ఐదో రోజు వచ్చాడు, ముక్కు కారుతోంది, చెమటలు, ఆపకుండా ఆవలింతలు. జలుబనుకుని సెట్రిజిన్ తియ్యబోయాను. "అది కాదన్నా" అన్నాడు. మాత్రకి బానిసయ్యాడని అప్పుడు అర్థమైంది నాకు.

2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ని ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం కిందకి తెచ్చారు. అంటే లెక్క తేడా వస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నోటీసుతో పోదు, గంజాయికి పెట్టే చట్టం కిందే కేసు. చిన్న షాపులవాళ్ళం చాలామందిమి భయపడి మానేశాం. మా పెద్దనాన్నకి క్యాన్సర్ ఎముకల్లోకి పాకినప్పుడు పది బిళ్ళల కోసం నేనే, షాపు ఓనర్‌ని, ఆసుపత్రి ఫార్మసీ ముందు లైన్లో నిలబడ్డాను. మత్తుకి వాడేవాళ్ళు మాత్రం టపెంటడాల్‌ అనే అలాంటి ఇంకో నొప్పి మాత్రకి మారారు. ఎలుక ఇంకో కన్నం చూసుకున్నట్టే. ఆ టపెంటడాల్‌నే కారిసోప్రొడాల్‌ అనే కండరాలు సడలించే మందుతో కలిపి మన దేశం నుంచి పశ్చిమ ఆఫ్రికాకి పంపుతున్న సంగతి బయటపడి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆ ఎగుమతి అనుమతులు రద్దు చేసింది.

అమెరికాలో ఉన్న మీ అక్కయ్య "ఫెంటానిల్ లాంటిదే" అన్నారని రాశారు. జాతి ఒకటే. రెండూ గసగసాల మొక్కతో పని లేకుండా ఫ్యాక్టరీలో తయారై, మెదడులో నల్లమందు పట్టుకునే చోటే పట్టుకుంటాయి. బలంలో మాత్రం పోలికే లేదు. ట్రమడాల్ డోసు 50 మిల్లీగ్రాములైతే ఫెంటానిల్‌ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. అక్కడ 2022లో ఈ సింథటిక్ రకాల వల్ల 70 వేలమందికి పైగా చనిపోయారు, ఎక్కువగా దొంగచాటుగా తయారైన ఫెంటానిల్‌తో. ఆవిడ భయం ఉత్తినే కాదు.

మీరు చిన్న షాపులు తిరగడం మానేసి, రాసిన డాక్టర్ ఆసుపత్రి ఫార్మసీకి ఒరిజినల్ చీటీతో వెళ్ళండి. నాన్నగారికి ఫిట్స్ ఉన్నా, డిప్రెషన్‌కి మందులు వాడుతున్నా డాక్టర్‌కి ముందే చెప్పండి. వారాల తరబడి వాడాక ఆపాలంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్‌నే అడిగి మెల్లగా తగ్గించండి.