స్టేషన్ తిండి, టాక్స్, నాకు వచ్చిన ఉత్తరం

"అమెరికాలో ఫైర్‌ఫైటర్లు 24 గంటల షిఫ్టులో తినే తిండి ఖర్చు టాక్స్‌లో తగ్గించుకోవచ్చా? మా తమ్ముడు కొత్తగా చేరాడు" అని అడిగారు. ఫెడరల్ రిటర్న్‌లో (కేంద్ర ప్రభుత్వానికి వేసే టాక్స్ లెక్కలో) కుదరదు. 2018 నుంచి ఉద్యోగులు సొంత డబ్బుతో పెట్టుకున్న ఖర్చులు చూపించే దారే మూసేశారు, 2025లో వచ్చిన చట్టంతో అది శాశ్వతమైపోయింది. జవాబు ఇంతే. కానీ ఈ విషయంలో నేను బాగానే చేతులు కాల్చుకున్నాను కాబట్టి మిగతాది కూడా వినండి.

కాలిఫోర్నియాలో ఇదే ఉద్యోగం నాది. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "రోజంతా అక్కడే పడుంటావు కదరా, వాళ్లు తిండి కూడా పెట్టరా?" అంటుంది. పెట్టరమ్మా. మేమే తలా కొంత వేసుకుని, సరుకులు తెచ్చుకుని, వంతులవారీగా వండుకుంటాం. దాన్ని కిట్టీ అంటాం.

నేను ప్రొబీగా (ప్రొబేషన్‌లో) ఉన్న కొత్తలో ఒకరోజు వంట నా వంతు. స్పగెటీ, చికెన్, వెల్లుల్లి బ్రెడ్. తలా 15 డాలర్లు. ఆరుగురికీ ప్లేట్లు సర్దాను, కెప్టెన్ ఫోర్క్ చేతిలోకి తీసుకున్నాడో లేదో టోన్స్ (అలారం) మోగాయి. స్టవ్ కట్టేసి పరుగు. గడ్డి మంట, గాలి మా మీదికే. తిరిగొచ్చేసరికి రాత్రి ఒకటిన్నర. సాస్ మీద పొర కట్టింది, బ్రెడ్ రాయి అయింది. ఒకడు నిలబడే రెండు ముద్దలు తిని పడుకున్నాడు, ఇద్దరు అసలు ముట్టుకోలేదు. ఆ పూట ఇంకో స్టేషన్‌కి కవర్ చేయడానికి పంపినవాడు సాయంత్రం నుంచీ మా దగ్గర లేనే లేడు. పొద్దున్నే కెప్టెన్ నోట్‌బుక్ తెరిస్తే అందరి పేర్ల పక్కనా 15. ఆ లేనివాడి పేరు పక్కన కూడా. వాడు కిక్కురుమనకుండా కట్టాడు. అలా కట్టాలని ఎక్కడా రాసి లేదు, కట్టకుండా మాత్రం అక్కడ ఉండలేరు.

అందుకే 2018 రిటర్న్ వేసేటప్పుడు ఒక ప్రిపేరర్ (ఫీజు తీసుకుని టాక్స్ ఫారాలు నింపేవాడు) "మీరు ఫైర్‌మెన్ కదా, కోర్టు మీవైపే తీర్పిచ్చింది" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన చెప్పిన తీర్పు నిజమే. సిబ్లా కేసు, 1980, తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు. దాని వెనక కథ తిండి గురించి కాదు అసలు. 1950ల చివర్లో లాస్ ఏంజెలెస్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో నల్లజాతివాళ్లను, తెల్లవాళ్లను కలిపి పెట్టడం మొదలైంది. కలిపి పెట్టడంతో పాటు, స్టేషన్‌లో అందరూ ఒకే మెస్‌లో చేరాల్సిందే అని రూల్ కూడా పెట్టారు. సిటీ డాక్టర్ చూసి జబ్బుందని నిర్ధారిస్తే తప్ప తప్పించుకోవడానికి లేదు. అంత బలవంతం ఉంది కాబట్టే అది సొంత తిండి ఖర్చు కాదు, ఉద్యోగం ఖర్చు అని కోర్టు ఒప్పుకుంది. మా కెప్టెన్ నోట్‌బుక్ ఆ రూల్ ఎలా అవుతుంది?

సరే, అయిందనే అనుకుందాం. 2018లో ఆ ఖర్చు రాసే గడే లేదు. మా మహానుభావుడు ఏం చేశాడంటే, సొంత వ్యాపారం ఉన్నవాళ్లు నింపే షెడ్యూల్ సీలో నా కిట్టీ 1,800 డాలర్లు ఇరికించాడు. నాకు ఏ వ్యాపారం ఉందని? నేనూ చదవకుండా సంతకం పెట్టాను. ఏడాది దాటాక టాక్స్ వాళ్ల ఉత్తరం వచ్చింది, దాదాపు 400 డాలర్లు కట్టాలి, దాని మీద వడ్డీ.

ఆ రాత్రి కూర్చుని పాత రూల్‌తో లెక్క వేసి చూశాను. ఏడాదికి 120 షిఫ్టులు, షిఫ్టుకు 15, మొత్తం 1,800. పాత రోజుల్లో కూడా ఇలాంటి ఖర్చుల్లో మీ ఆదాయంలో 2 శాతం దాటిన భాగమే లెక్కలోకి వచ్చేది. నా ఆదాయం 90,000 అనుకుంటే 2 శాతం అంటే సరిగ్గా 1,800. అంటే సున్నా! పైగా భోజనాల ఖర్చులో సగమే ఒప్పుకునేవాళ్లు. మా యూనియన్ వాళ్లు ఇప్పటికీ "మా డిడక్షన్ (టాక్స్ తగ్గింపు) లాగేసుకున్నారు" అని వాపోతుంటే నాకు నవ్వొస్తుంది, వాళ్లలో చాలామందికి అది ఎప్పుడూ రాలేదు. కాలిఫోర్నియా స్టేట్ రిటర్న్‌లో మాత్రం ఆ పాత పద్ధతి ఇంకా ఉంది, అక్కడా ఈ 2 శాతం గోడ దాటాలి.

ఇంకొకటి, "స్టేషన్‌లోనే పడుకుంటాం, కాబట్టి తిండి ట్రావెల్ ఖర్చు కింద వస్తుంది" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. రాదు. రోజూ పనిచేసే చోట పడుకుంటే ఊరెళ్లినట్టు కాదు.

నన్నడిగితే డిడక్షన్ కోసం కాదు, తిండి కోసమే కొట్లాడాలి. డిపార్ట్‌మెంటే తన అవసరం కోసం స్టేషన్‌లో భోజనం పెడితే అది మన ఆదాయం కిందికి రాదు. అదే తినమని నెలనెలా డబ్బు చేతికిస్తే దాని మీద టాక్స్ కట్టాల్సిందే, న్యూజెర్సీ ట్రూపర్ల (రాష్ట్ర పోలీసుల) భోజన భత్యం కేసులో 1977లో సుప్రీంకోర్టు తేల్చింది అదే. అన్నానికి పన్ను లేదు, అన్నం డబ్బులకు పన్ను! అయినా మా వాళ్లు ప్రతి కాంట్రాక్ట్‌లోనూ డబ్బే అడుగుతారు.

మీ తమ్ముణ్ణి కిట్టీ వదిలేసి ఓవర్‌టైమ్ చూసుకోమనండి. 2025 నుంచి 2028 వరకు ఒకటిన్నర రెట్ల జీతంలో ఆ అదనపు సగాన్ని 12,500 డాలర్ల దాకా టాక్స్ వేసే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కాకపోతే ఫెడరల్ చట్టం ప్రకారం వచ్చిన ఓవర్‌టైమే లెక్క. పని గంటలు లెక్కేసే సైకిల్ 28 రోజులైతే మనకది 212 గంటలు దాటాకే మొదలవుతుంది, అంతకు ముందే యూనియన్ కాంట్రాక్ట్ వల్ల ఇచ్చేది ఇందులోకి రాదు. పే స్టబ్‌లు (జీతం చీటీలు) దాచుకోమనండి.

అన్నట్టు, ఆ ప్రిపేరర్‌కి ఇచ్చిన ఫీజైనా తగ్గించుకోవచ్చేమోనని చూశాను. 2018 నుంచి దానికీ లేదు.