హంతకుల మనసు చదవడమేనా ఈ ఉద్యోగం?

ప్రశ్న: సైకాలజీలో పీజీ చేస్తున్నాను. ఫోరెన్సిక్ సైకాలజీలో పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలోనే స్థిరపడాలని ఉంది. కానీ హంతకుల ఎదురుగా కూర్చోవడం నా వల్ల అవుతుందా అని టెన్షన్‌గా ఉంది. అసలు ఈ ఉద్యోగంలో ఏం చేస్తారు?

జవాబు: ముందు ఆ హంతకుల సంగతి పక్కన పెట్టండి. ఫోరెన్సిక్ సైకాలజీ అంటే నేరాలకు, కోర్టులకు సంబంధించిన సైకాలజీ. యూనివర్సిటీలో ఉండేవాళ్లకు రోజులో ఎక్కువ భాగం పాఠాలు చెప్పడం, థీసిస్‌లు దిద్దడం, గ్రాంట్ల కోసం, ఎథిక్స్ కమిటీ అనుమతుల కోసం కాగితాలు రాయడంతోనే గడిచిపోతుంది. ఖైదీలతో మాట్లాడే పరిశోధనలూ ఉంటాయి, అయితే అందరూ అవే చేయరు. సాక్షి జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, చేయని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు, ఇలాంటి ప్రశ్నల మీదే జీవితమంతా పనిచేసినవాళ్లు ఉన్నారు.

గిస్లీ గుడ్యోన్సన్‌నే చూడండి. ఐస్‌లాండ్‌లో పోలీసుగా ఉన్నప్పుడు ఒకతన్ని పర్సు దొంగతనం గురించి ప్రశ్నిస్తే అతను ఒప్పేసుకున్నాడు, తీరా చూస్తే ఆ పర్సు ఎవరూ తీయనేలేదు! తర్వాత సైకాలజిస్టు అయ్యి, లండన్‌లో లెక్చరర్‌గా ఉంటూ, ఎదుటివాళ్ల ఒత్తిడికి మనిషి ఎంత లొంగుతాడో కొలిచే పరీక్ష ఒకటి తయారుచేశాడు. చిన్న కథ చదివి వినిపించి 20 ప్రశ్నలు అడుగుతారు, అందులో 15 ప్రశ్నలు కథలో లేని విషయాన్ని ఉన్నట్టే అడిగేవి. చివర్లో "మీరు తప్పులు చెప్పారు, ఈసారి జాగ్రత్తగా చెప్పండి" అని గట్టిగా అని, మళ్లీ మొదటినుంచీ అడుగుతారు. మొదటిసారి లేని విషయానికి ఎన్నిసార్లు లొంగారో, రెండోసారి ఎన్ని జవాబులు మారాయో లెక్కపెడతారు. అంతే, కానీ ఆ మారిన జవాబుల్లోనే ఇంటరాగేషన్ గది మొత్తం కనిపిస్తుంది నాకు. బ్రిటన్‌లో బాంబు పేలుళ్ల కేసుల్లో అన్యాయంగా ఏళ్ల తరబడి జైల్లో మగ్గి, 1989లో, 1991లో విడుదలైనవాళ్ల ఒప్పుకోళ్లను కూడా ఆయన పరిశీలించాడు.

కష్టం వేరే చోట ఉంది. మిమ్మల్ని నిపుణులుగా కోర్టుకు పిలిస్తే లాయర్లకు అవునో కాదో ఒకటే కావాలి, మీ శాస్త్రం మాత్రం "ఇలా జరిగే అవకాశం ఎక్కువ" అనే వరకే చెప్పగలదు. మిమ్మల్ని పిలిచిన పక్షానికి నచ్చకపోయినా అంతవరకే చెప్పి ఆగిపోవాలి. మీకు కావాల్సింది ఆ ధైర్యం. అన్నట్టు, స్టాటిస్టిక్స్ అంటే భయముంటే ఇప్పుడే పోగొట్టుకోండి.

వీలుంటే ఒకరోజు ఏదైనా కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని, సాక్షిని అడిగే ప్రశ్నల్లో ఎన్నింటిలో జవాబు ముందే దాగి ఉందో రాసుకోండి. సాయంత్రానికి ఆ కాగితం ఇంకా చూడాలనిపిస్తే పీహెచ్‌డీకి అప్లై చేయండి.