లాఫులా, కేయాటిక్కా? గేమ్ పాత్రల మంచిచెడ్డలపై పాఠకుల ప్రశ్నలు

కాల్పనిక లోకాల్లో నడిచే వీడియో గేముల పాత్రలను వాటి నైతిక స్వభావాన్ని బట్టి విడదీసే తొమ్మిది గడుల పట్టిక గురించి, అంటే అలైన్‌మెంట్ గురించి, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. కథల కీలక ఘట్టాలు జవాబుల్లో వస్తాయి కనుక ఆట ఇంకా పూర్తి చేయనివారు చూసుకొని చదవగలరు.

ప్రశ్న: మా హాస్టల్‌లో నలుగురం బాల్డర్స్ గేట్ 3 ఆడుతున్నాం. అందులోని పాత్రలను పట్టికలో సర్దుతూ ఆస్టారియన్ దగ్గర ఆగిపోయాం. రెండు వందల ఏళ్లు బానిసగా నరకం చూశాడు కాబట్టి అతడిని చెడ్డవాడు అనకూడదని ఒకడు, ఎవరికైనా ఊరికే సాయం చేస్తే ముఖం చిట్లించేవాడు మంచివాడెలా అవుతాడని మరొకడు. ఎలా తేల్చుకోవాలి సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీలో ఒకరు ఆస్టారియన్‌కు జరిగిన అన్యాయాన్ని లెక్కిస్తున్నారు, మరొకరు అతడు చేసిన పనులను లెక్కిస్తున్నారు; అందుకే తగవు తెగడం లేదు. గడి ఇవ్వవలసింది పనులకే, అందులోనూ ఆ పని చేసినందుకు పాత్ర ఎంతో కొంత పోగొట్టుకోవలసి వచ్చిన సందర్భాలకే. ఖర్చు లేని మంచితనం ఎవరైనా చూపగలరు.

ఈ పట్టిక ఎలా పుట్టిందో తెలిస్తే పని సులువవుతుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీద ఆడే ఆటలో మొదట ఉన్నవి మూడే వర్గాలు: లా (కట్టుబాటు), న్యూట్రాలిటీ (తటస్థత), కేయాస్ (కట్టుబాటు లేకపోవడం). మంచి (గుడ్), చెడు (ఈవిల్) అనే రెండో గీతను గైగాక్స్ 1976లో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. 1978లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే నియమాల పుస్తకం వచ్చేనాటికి ఒక్కో గీత మీద మూడేసి స్థానాల చొప్పున తొమ్మిది గడులు స్థిరపడ్డాయి. బాల్డర్స్ గేట్ గేములు ఆ ఆట మీద కట్టినవే. రెండు గీతలు అడిగే ప్రశ్నలు వేర్వేరు. ఇచ్చిన మాటకు, ఆనవాయితీకి, పై నుంచి వచ్చిన ఆజ్ఞకు మనిషి ఎంతవరకు కట్టుబడి ఉంటాడన్నది మొదటి ప్రశ్న. తన లాభం కోసం నష్టాన్ని ఎదుటివాడి నెత్తిన పెడతాడా, లేక ఎదుటివాడి కోసం తన నెత్తిన వేసుకుంటాడా అన్నది రెండోది. ఒకదానికి వచ్చిన జవాబును తెచ్చి రెండోదాని కింద రాయడం వల్లనే మీ హాస్టల్‌లో తగాదాలు వస్తాయి.

హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయే బస్సులో ఒక ముసలాయన దగ్గర టికెట్‌కు ఇరవై రూపాయలు తక్కువ పడ్డాయనుకుందాం. (ఆడవాళ్లకు జీరో టికెట్ ఉంది కాబట్టి ముసలమ్మను తీసుకోలేదు.) తన జేబులోంచి ఇరవై వేసి, టికెట్ కొట్టి ఆయన చేతిలో పెట్టే కండక్టర్ లాఫుల్ గుడ్. "చెకింగోళ్లు వస్తే నేను చూసుకుంట, కూసో తాతా" అని టికెట్ లేకుండానే తీసుకుపోయేవాడు కేయాటిక్ గుడ్. మనసులో బాధపడుతూనే, నిబంధన నిబంధనే కదా అని ములుగులో దించేసేవాడు లాఫుల్ న్యూట్రల్. ఉన్న డబ్బులు పుచ్చుకొని టికెట్ ఇవ్వకుండా సొంత జేబులో వేసుకొని, పైగా దారి పొడవునా తాతను కసురుకునేవాడు న్యూట్రల్ ఈవిల్. ఈ నలుగురూ చిన్నతనంలో ఎన్ని కష్టాలు పడ్డారో పట్టిక అడగదు.

ఇక ఆస్టారియన్. కాజడార్ అనే రక్తపిశాచి ప్రభువు చేతిలో తానూ రక్తపిశాచిగా మారి కీలుబొమ్మగా ఉన్నప్పుడు అతడు మనుషులను మభ్యపెట్టి తెచ్చి అప్పగించిన మాట నిజమే గానీ, కాదనే వీలు లేని మనిషి చేసిన పనిని లెక్కలోకి తీసుకోకూడదు. స్వేచ్ఛ దొరికిన మొదటి రోజు నుంచే లెక్క మొదలుపెట్టండి. మొదటి పరిచయంలోనే మీ గొంతు మీద కత్తి పెడతాడు. ఒక రాత్రి మీరు నిద్రలో ఉండగా మెడ కొరకడానికి వస్తాడు. మీరు క్రూరంగా ప్రవర్తిస్తే సంతోషిస్తాడు. మాటకు కట్టుబడడు, అలాగని కట్టుబాట్లను కూలదోయాలన్న పట్టుదల కూడా లేదు. తనకు పనికొచ్చేది చూసుకుంటాడు. అది న్యూట్రల్ ఈవిలే, మీ మొదటి మిత్రుడు ఎంత నొచ్చుకున్నా సరే. అయితే మూడో అంకంలో ఏడు వేల ఆత్మలను బలిచ్చి మహాశక్తి పొందే అవకాశం వచ్చినప్పుడు, మీరు నచ్చజెప్పగా దానిని వదులుకుంటే, అతడు వదులుకునేది చిన్న వస్తువు కాదు: పగటి వెలుగులో తిరిగే హక్కు. నా దృష్టిలో అతడు గడి మారేది అక్కడే. కనుక ఆస్టారియన్ ఏ గడిలో ఉన్నాడన్నది మీ నలుగురి సేవ్ ఫైళ్లను బట్టి ఉంటుంది. 2023లో ఈ గేమ్ చేసిన లారియన్ స్టూడియో ఆటగాడి పాత్రకు అలైన్‌మెంట్ పెట్టుకునే వీలునే తీసేసిందని కూడా గుర్తుంచుకోండి. తీర్పు చెప్పే బాధ్యత మీకే వదిలేసింది.

ప్రశ్న: పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఏ గేమ్ ఆడినా దుష్ట పాత్రనే ఎంచుకుంటున్నాడు. వాడి స్వభావం గురించి నేను కంగారు పడాలా?
– గృహిణి, జగిత్యాల

జవాబు: ఆ ఎంపికను చూసి కంగారు పడనక్కరలేదమ్మా. దుష్టమార్గం చాలా గేముల్లో కష్టమైన దారి. 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్‌లో మీ పేరు చెడితే దుకాణదారులు ధరలు పెంచుతారు, బృందంలోని మంచివాళ్లు విడిచిపోతారు; పేరు మరీ మంచిదైతే దుష్టులు అలిగి వెళ్లిపోతారు. అవతల ఏం జరుగుతుందో చూడాలన్న కుతూహలం ఆ వయసుకు సహజం. మీరు చూడవలసింది డబ్బా మీద ఉండే వయసు గుర్తు. ఉదాహరణకు బాల్డర్స్ గేట్ 3కి ఐరోపాలో 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే అన్న ముద్ర ఉంది; అందులో లాఫుల్ గుడ్ పాత్రతో ఆడినా పదో తరగతి పిల్లవాడికి అది తగినది కాదు.

ప్రశ్న: టాక్టిక్స్ ఓగర్‌లో సొంత జాతి జనాన్ని ఊచకోత కోయమన్న ఆజ్ఞకు ఒప్పుకుంటే ఆట నన్ను 'లా' మార్గంలో పెట్టింది, తిరస్కరిస్తే 'కేయాస్' అంది. ఇది తయారుచేసినవాళ్ల పొరపాటా?
– బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: పొరపాటు కాదు. అలైన్‌మెంట్‌ను ఇంత నిజాయితీగా వాడుకున్న గేములు చాలా తక్కువ. యాసుమి మత్సునో దర్శకత్వంలో 1995లో వచ్చిన ఈ జపాన్ గేమ్‌లో, బల్మముసా అనే ఊరి ప్రజలు తిరుగుబాటుకు రావడానికి ఇష్టపడరు. అప్పుడు నాయకుడైన డ్యూక్ నుంచి రహస్య ఆజ్ఞ వస్తుంది: ఊరిని తుడిచిపెట్టి నేరాన్ని శత్రువుల మీద వేస్తే, మిగిలిన వాలిస్టర్ జాతి అంతా కోపంతో ఒక్కటవుతుందని లెక్క. కథానాయకుడు డెనమ్ ఏమంటాడో మీరు చెప్పాలి.

ఇక్కడ లా అంటే ప్రభువు ఆజ్ఞకు, పెట్టుకున్న లక్ష్యానికి కట్టుబడి ఉండడం మాత్రమే. అది మంచిదని ఆట ఎక్కడా అనదు. పైగా మీరు ఒప్పుకున్నా, కాదన్నా ఊరు దక్కదు. మీరు కాదంటే మీ బాల్యమిత్రుడు వైస్ ఆజ్ఞను పాటిస్తాడు. మీరు ఒప్పుకుంటే అదే వైస్ ఎదురుతిరుగుతాడు. ఒకే మనిషి మీ నిర్ణయానికి వ్యతిరేక దిశలో నిలబడడం చూసి, కొందరు అతడికి స్థిరమైన అలైన్‌మెంటే లేదంటారు. నాకు మాత్రం వైస్‌లో కనబడేది డెనమ్ మీద అసూయ. ఏ మార్గంలో వెళ్లినా మారనిది అదొక్కటే. ఆ అసూయ లాఫుల్, కేయాటిక్ గీత మీద ఎక్కడా పట్టదు.

మీరు డెనమ్‌ను సర్దాలనుకుంటే ఊచకోతకు ఒప్పుకున్న డెనమ్‌ను లాఫుల్ ఈవిల్ అనడానికి వెనకాడకండి. ఆ తర్వాత అతడు ఎంత పశ్చాత్తాపపడినా, ఆ రోజు నష్టం ఎవరి నెత్తిన పడిందో చూడండి. ఆజ్ఞ వచ్చింది కాబట్టి చేశానన్న మాట మొదటి గీత మీద అతడిని లాఫుల్ వైపు జరుపుతుంది తప్ప, రెండో గీత మీద అంగుళం కూడా కదిలించదు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మంచితనం లాంటి దానిని గేములు లోపల ఏ విధంగా లెక్కకడతాయో వివరించగలరా?
– వరంగల్

జవాబు: సులువైన పద్ధతి అంకెలు. 2002 నాటి నెవర్‌వింటర్ నైట్స్‌లో ప్రతి పాత్రకూ రెండు సంఖ్యలు ఉంటాయి: మంచిచెడులకు ఒకటి, కట్టుబాటుకు ఒకటి, రెండూ 0 నుంచి 100 వరకు. పనిని బట్టి అవి పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. దీనిలోని లోపం మీకు వెంటనే తట్టే ఉంటుంది: ఒక ఘోరం చేసి, పది చిన్న ఉపకారాలతో అంకెను పూడ్చుకోవచ్చు.

అంతకంటే సూక్ష్మమైన పని 1985లోనే రిచర్డ్ గ్యారియట్ అల్టిమా 4లో చేశాడు. చంపవలసిన మహాదుష్టుడు లేని గేమ్ అది. నిజాయితీ, కరుణ, ధైర్యం వంటి ఎనిమిది గుణాలలో పరిపూర్ణత సాధించి అవతార్ కావడమే అందులో గమ్యం. మూలికలు అమ్మే ఆమె గుడ్డిది. ధర చెబుతుంది, ఎంత ఇవ్వాలో మీరే అంకె వేయాలి. తక్కువ ఇస్తే ఆమె ఏమీ అనదు, సరుకు ఇచ్చేస్తుంది, తెర మీద ఏ హెచ్చరికా రాదు. లోపల మాత్రం మీ నిజాయితీ తగ్గిపోతుంది. మొదటిసారి ఆడిన ప్రతి తెలివైన కుర్రవాడూ అక్కడ డబ్బు మిగుల్చుకొని ఉంటాడని నా అనుమానం. ఆట మొదట్లో సోదె చెప్పే ఆమె వేసే ప్రశ్నలు కూడా రెండు మంచి గుణాలను ఎదురెదురుగా నిలబెట్టి ఒకదానిని ఎంచుకోమంటాయే తప్ప, వాటిలో తప్పు జవాబు ఉండదు.

నాకు అన్నింటికంటే నచ్చిన పద్ధతి 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌లోది. జ్ఞాపకాలు పోగొట్టుకున్న పేరులేని నాయకుడు ట్రూ న్యూట్రల్‌గా, అంటే రెండు గీతల మీదా నడిమి గడిలో, మొదలై, తన మాటలను, చేతలను బట్టి మారుతూ పోతాడు. సంభాషణలో ఒకే వాక్యం రెండుసార్లు కనబడుతుంది: ఒకదాని ముందు నిజమని, రెండోదాని ముందు అబద్ధమని రాసి ఉంటుంది. ఎదుటి పాత్రకు వినబడే మాటలు ఒకటే. మనసులో ఏముందో మీరు ఆటకు ఒప్పజెప్పవలసి వస్తుంది. ప్రోగ్రామింగ్ పరంగా ఇది చిన్న పనే, ఒక చలరాశి విలువ మార్చడం అంతే. కానీ ఉద్దేశాన్ని లెక్కించడానికి ఇంతకంటే తేలికైన ఉపాయం నాకు కనబడలేదు.

ప్రశ్న: సర్వాయి పాపన్న గురించి ఎవరైనా గేమ్ చేస్తే ఆయనను ఏ గడిలో పెట్టాలి? అలాగే సమ్మక్కను?
– ఉపాధ్యాయుడు, జనగామ జిల్లా

జవాబు: రెండో దానికి ముందు జవాబు చెబుతాను. వనదేవతలను గడిలో కూర్చోబెట్టే పని నాది కాదు, మేడారం వెళ్లి బంగారం సమర్పించుకునే ఇంట్లో పుట్టినవాడిని. అయితే కరువు కాలంలో కప్పం కట్టలేమన్న పగిడిద్దరాజుకు, కప్పం రాజ్యధర్మమన్న కాకతీయ ప్రభువుకు మధ్య ఐతిహ్యం చెప్పే ఘర్షణ, ఈ రెండు గీతలు ఒకదానినొకటి ఎక్కడ కోసుకుంటాయో చూపడానికి టాక్టిక్స్ ఓగర్ కథకు ఏమాత్రం తీసిపోదు.

పాపన్న సంగతి వేరు, ఆయన చరిత్రకు దొరికిన మనిషి. ఖిలాషాపూర్‌లో కోట కట్టుకొని, 1708లో వరంగల్ మీద పడి నగరాన్ని కొల్లగొట్టి ఎందరినో బందీలుగా పట్టుకుపోయాడు. 1710లో మొఘల్ అధికారులు ఆయనను చంపించారు. ఖాఫీ ఖాన్ ఫార్సీ భాషలో రాసిన చరిత్రలో ఆయన తోడబుట్టినదాన్ని కూడా దోచుకున్న బందిపోటు. మన ఊళ్లలో పాడే కథల్లో, కల్లు గీసే ఇంట పుట్టి సుల్తానులను, ఫౌజుదార్లను గడగడలాడించిన వీరుడు. కేయాటిక్ అన్న మాట దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. ఆయన పక్కన గుడ్ రాయాలా ఈవిల్ రాయాలా అన్న దగ్గరే కోట లోపలివాళ్లూ బయటివాళ్లూ విడిపోతారు.

గేమ్ చేసేవారికి నేనిచ్చే సలహా ఒక్కటే: పాపన్నకు అలైన్‌మెంట్ పెట్టకండి, ఆటగాడిని పాపన్నగా ఆడించండి. వరంగల్ కొల్లగొట్టిన రాత్రి, బందీలను ఏం చేయాలో అతడినే అడగండి. వారిని విడిచిపెడితే విడుదల సొమ్ము పోతుంది, అనుచరులు గొణుగుతారు, మొఘల్ సైన్యానికి మీ ఆనుపానులు తెలుస్తాయి. ఆ ఖర్చు కనబడేటట్టు పెడితే చాలు. ఎవరు గీతకు ఏ వైపు నిలబడ్డారో ఆటగాళ్లే ఒకరితో ఒకరు పోట్లాడుకుంటారు.

ప్రశ్న: ఏ పక్షమూ వహించని పాత్ర ట్రూ న్యూట్రల్ అయినట్టేనా? అలాగే రాక్షస జాతి పాత్రలన్నీ ఈవిల్ అనుకోవచ్చా?
– మంచిర్యాల

జవాబు: రెండింటికీ కాదనే జవాబు. ట్రూ న్యూట్రల్‌లో మూడు రకాలు కలిసిపోయి ఉన్నాయి: ఇంకా ఏమీ తేల్చుకోనివారు, ఏ పక్షమూ మరీ బలపడకూడదని తేల్చుకొని అందుకు పోరాడేవారు, అసలు మంచిచెడుల ఆలోచనే లేని జంతువులు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1978 నాటి నియమాల్లో, ప్రకృతిని కొలిచే పూజారులైన డ్రూయిడ్లు అందరూ రెండో రకం వారే కావాలి. మొదటి బాల్డర్స్ గేట్‌లోని జహైరా అలాంటిది, ఆమె ఊరుకునే మనిషి అని ఆ గేమ్ ఆడినవారెవరూ అనరు. మూడో రకాన్ని 2014 నాటి నియమాలు పట్టిక నుంచే తీసి, అలైన్‌మెంట్ లేనివి అని విడిగా పెట్టాయి.

జాతి విషయానికి వస్తే, ప్లేన్‌స్కేప్‌లోని ఫాల్ ఫ్రమ్ గ్రేస్‌ను చూడండి. పుట్టుకను బట్టి కేయాటిక్ ఈవిల్ కావలసిన సక్యుబస్ అనే మోహినీ జాతి ఆమెది. ఆమె నడిపే ఇంటికి వచ్చేవారికి అక్కడ దొరికేది మేధావులతో సంభాషణ మాత్రమే. ఆమె పాత్రపత్రంలో లాఫుల్ న్యూట్రల్ అని ఉంటుంది. గుడ్ అని రాయనందుకు నాకు తయారీదారుల మీద గౌరవం పెరిగింది. ఆమె గెలిచింది తన స్వభావం మీద అదుపును, ఎదుటివారి కోసం ఆమె పెద్దగా నష్టపోయిన సందర్భం కథలో నాకైతే కనబడలేదు. మీకు కనబడి ఉంటే ఏ ఘట్టమో రాయండి, గడి మారుద్దాం.