అంతరిక్ష ఛాయాచిత్రాలలోని రంగులు నిజమైనవేనా?

హబుల్ అంతరిక్ష టెలిస్కోపు 1995లో తీసిన ‘సృష్టి స్తంభాలు’ (నక్షత్రాలు పుట్టే వాయు, ధూళి మేఘాల స్తంభాలు) చిత్రాన్ని చూసి ఏ దేశంవారైనా అబ్బురపడతారు, ఆ వెంటనే ఈ సందేహమూ కలుగుతుంది. ఆ రంగులు మనుషులు కేటాయించినవే గాని, కల్పితాలు కావు. హబుల్ కెమెరా నలుపు తెలుపులలోనే చిత్రిస్తుంది. ఒక్కో మూలకపు కాంతిని మాత్రమే లోనికి వదిలే ఫిల్టర్లతో విడివిడిగా తీసిన చిత్రాలలో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చి, మూడింటినీ కలుపుతారు. ఫిల్టర్లకు అందే హైడ్రోజన్, గంధకాల కాంతి రెండూ ఎరుపే కనుక, ఉన్నదున్నట్లు చూపితే వాటి తేడా మన కంటికి తెలియదు. స్తంభాల అంచులను పరికించండి: అక్కడ పొగలా లేస్తున్నది, కొత్త నక్షత్రాల అతినీలలోహిత కాంతి తాకిడికి చెదిరిపోతున్న వాయువు. సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరాన జరిగే ఆ మార్పును ఇంత స్పష్టంగా చూపడమే, నా దృష్టిలో, ఈ చిత్రపు అసలు సౌందర్యం. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఇదే ప్రాంతాన్ని ధూళి గుండా చొచ్చుకురాగల పరారుణ కాంతిలో తీసినప్పుడు, ధూళి చాటున దాగిన నక్షత్రాలెన్నో బయటపడ్డాయి.