హోటల్ చదువు, తాతగారి పంచాంగ గణితం: పర్లాకిమిడి తండ్రికి సమాధానం

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. మా నాన్నగారు పంచాంగ గణితం చేసేవారు కావడం వల్ల తనకు చిన్నప్పటి నుంచీ నక్షత్రాలంటే ఆసక్తి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, రాత్రి ఆకాశాన్ని చూపించే పర్యాటక రంగంలో పనిచేస్తానంటోంది. ఒక ప్రైవేటు సంస్థ రెండున్నర లక్షలకు ‘ఆస్ట్రో టూరిజం డిప్లొమా’ ఇస్తామని చెబుతోంది. చేర్చవచ్చునా?

సమాధానం: ఆ డిప్లొమాకు డబ్బు కట్టవద్దు. మీ అమ్మాయి ఆలోచన మాత్రం తోసిపుచ్చదగినది కాదు. హోటళ్లు ఉద్యోగంలోకి తీసుకునేది ఫ్రంట్ ఆఫీసు, వంటశాల, ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీసు, హౌస్‌కీపింగ్ అనే విభాగాలలోకే గాని, నక్షత్రాలు చూపించే విభాగమంటూ వేరుగా సాధారణంగా ఉండదు. ఏదో ఒక విభాగంలో చేయి తిరిగిన మనిషికి ఆకాశ పరిచయం కూడా ఉంటే అది అదనపు బలం అవుతుంది. ఆ పరిచయం ఒక్కటే ఉన్న మనిషికి జీతం ఇచ్చే హోటళ్లు చాలా తక్కువ.

అంతకంటే ముందు అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి. చంద్రుడి గమనం ఎందుకు హెచ్చుతగ్గులవుతుందో తెలుసుకోవడంలో ఆనందం ఉందా, లేక దానిని పక్కవారికి అర్థమయ్యేలా చెప్పడంలో ఉందా? మొదటిదైతే హోటల్ చదువు వద్దు. బరంపురంలోని ఐఐఎస్ఈఆర్, భువనేశ్వర్‌లోని నైసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థలకు ప్రవేశ పరీక్షలు రాయించి భౌతికశాస్త్రం వైపు పంపండి. రెండోదైతే కింద రాసినది చదవండి.

ఆతిథ్య రంగంలో కొత్తదనం అనగానే చాలామంది యంత్రాలను ఊహించుకుంటారు. జపాన్‌లో 2015లో రోబోలతో మొదలైన హెన్ నా హోటల్, అవి పని తగ్గించకపోగా పెంచుతున్నాయని 2019 నాటికి సగానికి పైగా తీసివేసింది. దానికి భిన్నంగా, మీ పొరుగునే రాయగడలో బడి చదువు చదివిన రితేశ్ అగర్వాల్ 2013లో ఓయోను ప్రారంభించి, చిన్న లాడ్జీల గదులను ఒకే ప్రమాణానికి తెచ్చి ఫోనులో బుక్ చేసుకునే ఏర్పాటు చేశారు. ఆ నాణ్యత అన్నిచోట్లా నిలిచిందా అన్నది వేరే చర్చ.

మీ అమ్మాయి చూడవలసిన ఉదాహరణ లద్దాఖ్‌లోని హాన్లే. అక్కడ 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించి, బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి టెలిస్కోపులు అందజేసింది. వచ్చిన అతిథులు ఆ ఊరి ఇళ్లలోనే బస చేస్తారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో ఇటువంటి గుర్తింపే లభించింది.

ఇటువంటి బసలో పని మామూలు హోటల్ పనికి తలకిందులుగా ఉంటుంది. కన్ను చీకటికి బాగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. వరండాలో ఎవరో ఒక తెల్ల దీపం వేస్తే అతిథులందరికీ ఆ అరగంట వృథా. అందువల్ల బయటి దీపాలకు కింది వైపు మాత్రమే వెలుగు పడేలా తొడుగులు, నడవలలో మసక ఎర్ర దీపాలు, కిటికీలకు మందపాటి తెరలు ఉండాలి. రాత్రి రెండింటికి అల్లం టీ, ఉప్మా అందించే వంటశాల కావాలి. గది శుభ్రం చేసేవారు ఉదయం తొమ్మిదింటికి తలుపు తట్టకూడదు కాబట్టి వారి డ్యూటీ వేళలు మారతాయి, గది ఖాళీ చేసే సమయమూ మారుతుంది. వెన్నెలలో నక్షత్రాలు సరిగా కనిపించవు కాబట్టి పున్నమి వారంలో గదులు తక్కువ ధరకు, అమావాస్య వారంలో ఎక్కువ ధరకు ఇవ్వవలసి వస్తుంది. ఇక్కడ తిథి తెలిసిన మనుమరాలికి, ధరల పట్టిక తయారుచేసే మేనేజర్ కంటే ఒక అడుగు ముందు ఉండే అవకాశం ఉంది.

మీ ప్రాంతానికి హాన్లేకు లేని సౌలభ్యం కూడా ఒకటి ఉంది. 1,501 మీటర్ల మహేంద్రగిరి కొండ, కొరాపుట్‌లో 1,672 మీటర్ల దేవమాలి కొండ సుమారు పందొమ్మిది డిగ్రీల అక్షాంశానికి దగ్గరలో, అంటే హాన్లే కంటే బాగా దక్షిణాన ఉన్నాయి కాబట్టి దక్షిణాకాశపు నక్షత్రాలు ఇక్కడ ఎత్తుగా కనిపిస్తాయి. ఫిబ్రవరి రాత్రులలో అగస్త్య నక్షత్రం ఇక్కడ దక్షిణ దిక్కున, చేయి చాచి పట్టుకుంటే దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తుకు వస్తుంది. హాన్లేలో అది దిగంతానికి నాలుగైదు డిగ్రీలే, అంటే సగం పిడికిలి ఎత్తే లేస్తుంది. మే నెలలో దక్షిణ శిలువను కూడా ఇక్కడ చూడవచ్చు. అయితే జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బులే కాబట్టి, ఆ నెలలకు వేరే ఏర్పాటు లేని వ్యాపారం నిలవదు.

ఆ ఏర్పాటుకు ఒడిశా చరిత్రలోనే సామగ్రి ఉంది. నేటి నయాగఢ్ జిల్లాలోని ఖండపడాలో 1835లో పుట్టిన పఠాణీ సామంత చంద్రశేఖరుడు వెదురుతో, కర్రతో తానే చేసుకున్న పరికరాలతో ఆకాశాన్ని కొలిచి, చంద్రగమనంలోని మూడు వ్యత్యాసాలను స్వతంత్రంగా గుర్తించాడు. తాళపత్రాలపై సంస్కృతంలో రాసిన ఆయన సిద్ధాంత దర్పణం 1899లో కలకత్తాలో అచ్చయింది. రెండు కర్రలను అడ్డంగా బిగించిన ఆయన మానయంత్రంతో కొండల ఎత్తును, దూరాన్ని లెక్కించవచ్చు. వానాకాలపు పగటి వేళ అతిథుల చేత అటువంటిది చేయించి ఎదుటి కొండను కొలిపిస్తే, పిల్లలతో వచ్చిన కుటుంబాలు సంతోషిస్తాయి.

కథలు చెప్పేటప్పుడు మాత్రం నిజాయితీ తప్పకూడదు. ‘అంతా మనమే కనిపెట్టాం’ అనే అతిథికి తల ఊపడం సులభమే, కానీ జరిగినది అంతకంటే ఆసక్తికరం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో రోమక, పౌలిశ సిద్ధాంతాలనే ఖగోళ గణన గ్రంథాలను చేర్చాడు; అవి పడమటి నుంచి వచ్చిన విద్య. భారతీయ గణన 718లో గౌతమ సిద్ధుని ద్వారా చైనా రాజాస్థానానికి చేరింది. బ్రహ్మగుప్తుడి సంప్రదాయపు గ్రంథం 770ల ప్రాంతంలో బాగ్దాదులో అరబ్బీలోకి మారింది. బాగ్దాదు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ తయారుచేసిన గ్రహగణన పట్టికల ద్వారా ఆ గణన పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లింది. అతిథులు జాతకం చూడమని కూడా అడుగుతారు. తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను: గ్రహస్థితిని లెక్కించడం వేరు, ఫలితం చెప్పడం వేరు, హోటల్ పేరు మీద రెండోది చేయకపోవడమే మంచిది.

ఇక చేయవలసిన పనులు. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీకి జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష అయిన ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాయించండి. దానిని జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) నిర్వహిస్తుంది, ప్లస్ టూలో ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండాలి. భువనేశ్వర్, హైదరాబాద్‌లలోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలు (ఐహెచ్‌ఎంలు) మీకు వీలైనవి. అర్హత, గడువు, ఫీజు వివరాలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. చదువులో పారిశ్రామిక శిక్షణ ఉంటుంది. గంటల తరబడి నిలబడటం, పండుగనాడు డ్యూటీ, మొదట్లో తక్కువ జీతం తప్పవని ఇప్పుడే చెప్పండి. ఆడపిల్లకు రాత్రి డ్యూటీ ఎలా అని మీరు అడగలేదు గాని, అడుగుతారని తెలుసు. శిక్షణకు హోటల్‌ను ఎంచుకునేటప్పుడు వసతి, రాత్రి రవాణా, ఫిర్యాదుల కమిటీ గురించి రాతపూర్వకంగా తెలుసుకోండి.

తెలుగు, ఒడియా వచ్చిన పిల్లకు హిందీ, ఇంగ్లీషుతో పాటు కొద్దిగా సవర గిరిజన భాష కూడా వస్తే మహేంద్రగిరి చుట్టుపక్కల పనికి ఎంతో ఉపయోగం. ఆకాశం నేర్చుకోవడానికి కంప్యూటరు తెరపై రాత్రి ఆకాశాన్ని చూపే, ఉచితంగా దొరికే స్టెల్లేరియం సాఫ్ట్‌వేరు, ఒక 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల కటకాలున్న) బైనాక్యులర్, భువనేశ్వర్‌లోని పఠాణీ సామంత ప్లానెటేరియం సందర్శన ప్రస్తుతానికి చాలు. టెలిస్కోపు కొనడం డిగ్రీ రెండో సంవత్సరం వరకు వాయిదా వేయండి. ఆ సంస్థకు ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, డిప్లొమాకు గుర్తింపు ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరు, గత విద్యార్థుల నియామక పత్రాల నకళ్లు లిఖితపూర్వకంగా అడగండి. అవి ఇవ్వలేకపోతే రసీదు జతచేసి డబ్బు వాపసు కోరుతూ ఈ వారంలోనే ఉత్తరం పంపండి.