పుస్తకం చదివి వెళ్లి, మాట్లాడకుండా వచ్చేస్తున్నాను

ప్రశ్న: మావారి ఉద్యోగం కోసం ఎనిమిది నెలల క్రితం అమెరికాలో సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూకి వచ్చాం. నాది మావారి వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా. ఇంటికి దగ్గరలోని లైబ్రరీలో నెలకోసారి జరిగే పుస్తక చర్చకు మూడుసార్లు వెళ్లాను. పుస్తకం చివరిదాకా చదివే వెళుతున్నాను. అక్కడ కూర్చున్నాక నోరు పెగలదు. వాళ్ల మాటల వేగం అందదు, పాత్రల పేర్లు ఎలా పలకాలో తెలియదు. నేనేదో చెప్పాలనుకునేలోపే చర్చ ఇంకో చోటికి వెళ్లిపోతుంది. మానేయమంటారా?

జవాబు: మానకండి అమ్మా. చివరిదాకా చదివి వెళుతున్నానన్నారు, అక్కడికి వచ్చేవాళ్లలో పుస్తకం సగమే చదివి ఆపేసినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు ధైర్యంగా మాట్లాడుతుంటే మీరు వెనక్కి తగ్గడం నాకు బాధగా ఉంది.

మీరు చేరిన ప్రాంతానికి ఈ విషయంలో పేరుంది. 1998లో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ఆధ్వర్యంలో సియాటిల్ పబ్లిక్ లైబ్రరీ, ఊరంతా ఒకే పుస్తకం చదివి మాట్లాడుకునే కార్యక్రమం మొదలుపెట్టింది. 2001లో షికాగో అదే దారి పట్టింది, ఆ తర్వాత ఎన్నో ఊళ్లు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక పుస్తకాన్ని ఆధారం చేసుకుని పలకరించుకోవాలన్నదే అందులోని ఆశ. పండితులు కావాలని వాళ్లు కోరలేదు. కొత్తగా వచ్చిన మీలాంటివారు మాట్లాడకపోతే ఆ ఆశే సగం తీరదు.

మన మౌనానికి కారణం ఇంగ్లిష్ ఒక్కటే అనుకోను. మనం పెరిగిన సాహిత్య సభలు గుర్తుచేసుకోండి. వేదిక, అధ్యక్షుడు, ముఖ్య అతిథి, చివర్లో శాలువా. మనం వరుసల్లో కూర్చుని విన్నాం, చప్పట్లు కొట్టాం. పెద్దవాళ్లు అడిగితేనే మాట్లాడటం మర్యాద అని నేర్చుకున్నాం. ఇక్కడ కుర్చీలు గుండ్రంగా ఉంటాయి, వక్త ఉండడు. ఎవరూ మీ పేరు పిలిచి మాట్లాడమనరు. మీరు ఊరుకుంటే మర్యాద అనుకోరు, చెప్పేదేమీ లేదేమో అనుకుంటారు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో నాలుగు నెలలు అలాగే కూర్చున్నాను. ఐదో నెల ఒక రైతు కుటుంబం పొలం అమ్ముకునే నవల పెట్టారు. అందరూ అప్పు, వడ్డీ, ధర గురించి మాట్లాడారు. సంతకాలు పెట్టే ముందురోజు రాత్రి ఆ రైతు ఒంటరిగా పొలానికి వెళ్లి తిరిగొస్తాడని రెండే వాక్యాలున్నాయి. వాటి గురించి ఎవరూ ఎత్తలేదు. మా తాతయ్య మిరప చేను అమ్మే ముందు గట్టు మీద తెల్లవారేదాకా కూర్చోవడం నేను చూశాను. చర్చ అయిపోయాక, కార్లు ఆపే చోట, నా పక్కన కూర్చునే ఒక పెద్దావిడతో ఆ మాట చెప్పాను. ఆవిడ మళ్లీ పుస్తకం తీసి, దీపం వెలుగులో ఆ పేజీ వెతికి చదివారు. "ఇది లోపల చెప్పి ఉంటే మేమందరం వినేవాళ్లం కదా" అన్నారు. తరువాతి నెల నేను మాట్లాడాను.

మీరు చేయవలసింది చాలా చిన్నది. చదువుతూ ఎక్కడ ఆగిపోయారో ఆ పేజీలో ఒక కాగితం పెట్టుకోండి. ఒకటి చాలు. అక్కడ మీకేమనిపించిందో మూడు వాక్యాలు రాసుకుని, ఇంట్లో పైకి రెండుసార్లు చదవండి. చాలా నవలల చివర చర్చ కోసమే కొన్ని ప్రశ్నలు అచ్చువేస్తారు, వాటిలో ఒకటి ఎంచుకున్నా మంచిదే. మొదటి పది నిమిషాల్లోనే మాట్లాడేయండి, ఆలస్యమైన కొద్దీ గుండెదడ పెరుగుతుంది. చర్చ నడిపేవారికి ఎదురుగా కూర్చోండి. కళ్లు కలిసినప్పుడు చేయి కొంచెం ఎత్తితే ఆగి మీకు అవకాశమిస్తారు. "ఈ భాగం నాకు అర్థం కాలేదు" అన్నది కూడా చర్చే, చాలాసార్లు అక్కడినుంచే మంచి చర్చ మొదలవుతుంది.

పేర్ల భయానికి మందు మీ లైబ్రరీ కార్డులోనే ఉంది. ఫోనులో లిబ్బీ యాప్ పెట్టుకుని ఆ పుస్తకం ఆడియో దొరికితే ఉచితంగా అరువు తీసుకోండి. మొదటి అధ్యాయం వింటే చాలా పేర్లు ఎలా పలకాలో తెలిసిపోతాయి. అయినా తప్పు పలికితే ఫరవాలేదు, మీ పేరు పలకడానికి వాళ్లూ తడబడతారు.

ఒక జాగ్రత్త. "ఇండియాలో ఇలాంటివి ఎలా ఉంటాయి?" అని మిమ్మల్ని అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు. దేశమంతటి తరఫునా జవాబు చెప్పాలని తాపత్రయపడకండి. మా ఇంట్లో ఇలా జరిగింది అని చెప్పి, వెంటనే పాత్ర దగ్గరికి తిరిగి రండి. మిమ్మల్ని పాఠకురాలిగా గుర్తుంచుకోవాలి.

తెలుగు పుస్తకాల కోసం నలుగురిని కూడగట్టే ఆలోచన ఉంటే తప్పకుండా చేయండి. లైబ్రరీలో సమావేశపు గది అడగండి. మేము మొదలుపెట్టినప్పుడు అలవాటుగా వరుసల్లో కూర్చున్నాం, ఒకే పెద్దాయన నలభై నిమిషాలు కథంతా చెప్పారు, మిగతావాళ్లు "బాగుంది" అని లేచారు. రెండో నెల కుర్చీలు తిప్పాం. నవలకు బదులు పది పన్నెండు పేజీల కథ పెట్టాం. కథ మళ్లీ చెప్పకూడదనుకున్నాం. ఒకసారి మాట్లాడినవారు మరో ఇద్దరు మాట్లాడేదాకా ఆగాలన్నాం. "ఎలా ఉంది?" అని అడగడం మానేసి, "ఎక్కడ ఆగారు?" అని అడిగాం. తెలుగు లిపి చదవలేని ఇద్దరు పిల్లల కోసం వాళ్ల అమ్మ కథ చదివి ఫోనులో రికార్డు చేసింది. వాళ్లలో పదమూడేళ్ల అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు గంట చాలలేదు.

వచ్చే నెల సమావేశానికి ముందు, కాగితం ఏ పేజీలో పెట్టారో నాకు రాయండి. ఆ మూడు వాక్యాలు కూడా పంపండి, చదువుతాను.